సముద్రపు గుల్లలు మెరైన్ ట్యాంక్‌లో వేసే ముందు లోపలి మెలికల సంగతి చూడండి

బీచ్‌లో ఏరుకొచ్చిన గుల్లల్ని కొళాయి కింద ఒకసారి కడిగేసి నేరుగా ఉప్పునీళ్ళ ట్యాంక్‌లో పడేసేవాళ్ళు బోలెడుమంది. నిజం చెప్పాలంటే వాళ్ళలో చాలామందికి ఏమీ కాదు. పెద్ద ట్యాంకైతే, వేసినవి ఎండలో తెల్లబడిన నాలుగు ఆల్చిప్పలైతే అస్సలు కాదు. చిక్కంతా చిన్న ట్యాంకుల్లోనూ, మెలికలు తిరిగిన నత్త గుల్లలతోనూ వస్తుంది. పైకి తళతళలాడే గుల్ల లోపల, చిట్టచివరి మెలికలో, శనగగింజంత నత్త మాంసం ఎండి అతుక్కుని ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు దాని వాసన కూడా రాదు. నీళ్ళలో పడి నానాక కుళ్ళడం మొదలుపెడుతుంది, ఇక 60 లీటర్ల నానో ట్యాంక్‌కి ఆ కాస్త కుళ్ళు నుంచి వచ్చే అమ్మోనియా చాలు, చేపలు నీళ్ళ పైకొచ్చి రొప్పడానికి.

అందుకే బయట ఎలా రుద్దాలి అనేదాని గురించి నేను పెద్దగా చెప్పను, పాత టూత్‌బ్రష్ ఉంటే అది మీకే తెలుస్తుంది. లోపల ఏముందో ఎలా కనిపెట్టాలి, శుభ్రం చేయడానికి వాడిన బ్లీచ్ లాంటి మందు గుల్లలో మిగలకుండా ఎలా పోగొట్టాలి, ట్యాంక్‌లో వేసేముందు బకెట్‌లో ఎలా పరీక్షించాలి, ఈ మూడింటి మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందుగా ఒక అపోహ. గుల్లలు వేస్తే పీహెచ్ పెరుగుతుందని, కోరల్స్‌కి (పగడాలకి) కాల్షియం దానంతటదే అందుతుందని చాలామంది నమ్ముతారు. గుల్ల కాల్షియం కార్బొనేటే, అందులో సందేహం లేదు, కానీ అది కరగాలంటే నీళ్ళు ఆమ్లం వైపు దిగాలి. మెరైన్ ట్యాంక్ నడిచేది 8.1 నుంచి 8.4 పీహెచ్‌లో, అక్కడ గుల్ల దాదాపు రాయిలా కూర్చుంటుంది. కాల్షియం రియాక్టర్ (సున్నపు పలుకుల్ని కరిగించి ట్యాంక్‌కి కాల్షియం అందించే పరికరం) వాడేవాళ్ళు లోపలికి కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్‌ని 6.5 దగ్గరకి దించేది ఇందుకే, అలా దిగితే తప్ప లోపలి పలుకులు కరగవు. కాబట్టి గుల్లల్ని అందం కోసం వేసుకోండి, ఖాళీ గుల్లల్లో కాపురముండే హెర్మిట్ క్రాబ్‌ల కోసం వేసుకోండి, గోబీ చేప బొరియ కట్టుకోవడానికి వేసుకోండి, అంతేగానీ కాల్షియం డోసింగ్ (విడిగా కాల్షియం కలపడం) మానేయకండి. (మంచినీళ్ళ ట్యాంక్ లెక్క వేరు. అక్కడ పీహెచ్ తక్కువ కాబట్టి గుల్ల నిజంగానే కరిగి నీళ్ళని కఠినం చేస్తుంది, అందుకే డిస్కస్, టెట్రా చేపలు ఉన్న ట్యాంక్‌లో గవ్వలు వేయొద్దంటారు.)

ఏరేటప్పుడే సగం పని అయిపోతుంది

మన తీరంలో గుల్లలకి కొదవ లేదు. భీమిలి, సూర్యలంక, ఓడరేవు, మైపాడు, ఎక్కడికెళ్ళినా ఆటు సమయంలో ఇసుక మీద వరుసగా పరిచినట్టు ఉంటాయి. కాకినాడ వైపు గట్టి గీతలున్న అనదార ఆల్చిప్పలు కుప్పలుగా దొరుకుతాయి. ఎక్కడ ఏరకూడదో చెప్పడం తేలిక: హార్బర్ పక్కన, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చోట, ఊరి మురుగు కాలువ సముద్రంలో పడే చోట వద్దు. నూనె మరక, తారు మరక ఉన్న గుల్లని ఎంత బాగున్నా అక్కడే వదిలేయండి. నూనె గుల్ల సన్నటి రంధ్రాల్లోకి ఇంకుతుంది, సబ్బుతో కడిగితే ఆ సబ్బు కూడా దాని వెంటే ఇంకుతుంది, రెండూ ట్యాంక్‌కి పనికిరావు. అసలు ఈ పని మొత్తంలో ఏ దశలోనూ సబ్బు, డిష్‌వాష్ లిక్విడ్ ముట్టుకోకండి.

తర్వాత చూడాల్సింది ప్రాణం ఉందా లేదా అని. ఏరిన గుల్లని నీళ్ళున్న డబ్బాలో ఒక పావుగంట కదపకుండా ఉంచండి. లోపల హెర్మిట్ క్రాబ్ ఉంటే మెల్లగా కాళ్ళు బయటపెడుతుంది. మూతి దగ్గర గోధుమరంగు పలక లాంటి మూత కనిపిస్తే నత్త లోపలే ఉందన్నమాట, అప్పుడు ఎక్కడ తీశారో అక్కడే వదిలేయండి. కోన్ ఆకారంలో, సన్నటి నిలువు మూతితో, మంచి డిజైన్‌తో ఉన్న గుల్ల బతికున్నట్టు అనిపిస్తే అసలు చేత్తో ముట్టొద్దు, జేబులో అస్సలు వేసుకోవద్దు. కోన్ నత్తలు విషపు ముల్లుతో కుడతాయి, పెద్ద జాతుల కాటుకి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి, దానికి విరుగుడు మందు కూడా లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇది ముందే చెప్పి పెట్టుకోండి.

సన్నటి చిల్లులతో జల్లెడలా అయిపోయిన గుల్లలు మీకు కనిపిస్తాయి. అవి క్లయోనా అనే స్పాంజ్ తొలిచినవి. ఆ చిల్లుల వెనక గుల్ల మందంలోనే సొరంగాలుంటాయి, వాటిలో చచ్చిన స్పాంజ్, పురుగులు, బురద పేరుకుని ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా వీటిని శుభ్రం చేయడం మన వల్ల కాదు. దానికి భిన్నంగా, ఒకే ఒక్క గుండ్రటి చిల్లు, అంచు లోపలికి ఏటవాలుగా చెక్కినట్టు ఉంటే, అది మూన్ స్నెయిల్ అనే వేట నత్త చేసిన పని. ఆల్చిప్పల మీద ఇవి బాగా కనిపిస్తాయి, నత్త గుల్లల మీద కూడా అప్పుడప్పుడు ఉంటాయి. నత్త గుల్ల మీద అలాంటి చిల్లుంటే వెంటనే తీసుకోండి, ఎందుకంటే నీళ్ళు ఒకవైపు నుంచి వెళ్ళి ఇంకోవైపు నుంచి బయటికి రావడానికి దారి దొరికినట్టే.

చట్టం గురించి కూడా ఒక ముక్క. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కొన్ని గుల్లల మీద నిషేధం ఉంది. 2001లో ఈ జాబితాలో 24 రకాల మొలస్క్‌లని (నత్తలు, ఆల్చిప్పల లాంటి మెత్తటి ఒంటి జీవుల్ని) చేర్చారు. నాటిలస్, ట్రైటన్ శంఖం, హార్న్‌డ్ హెల్మెట్, ట్రిడాక్నా అనే జెయింట్ క్లామ్‌లు, వేళ్ళలాంటి కొమ్ములుండే కొన్ని ల్యాంబిస్ రకాలు, ట్రోకస్ నైలోటికస్, కొన్ని గవ్వ జాతులు అందులో ఉన్నాయి. 2022 సవరణతో షెడ్యూళ్ళు మారాయి కానీ రక్షణ అలాగే ఉంది. గట్టి కోరల్స్ అన్నీ షెడ్యూల్ 1లోనే ఉన్నాయి, అంటే బీచ్‌లో దొరికిన ఎండు కోరల్ ముక్క కూడా ఇంటికి తేకూడదు. మామూలు ఆల్చిప్పలకి, చిన్న నత్త గుల్లలకి ఈ గొడవ లేదు. అయినా సంచులకొద్దీ ఎత్తుకురాకండి, అక్కడ హెర్మిట్ క్రాబ్‌లకి ఉండేది ఆ ఖాళీ గుల్లలే.

కొన్నవైతే ఇంకా జాగ్రత్త

రామేశ్వరం, కన్యాకుమారి వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లో ఒక గుల్లల ప్యాకెట్ ఉంటుంది. ఆర్కే బీచ్ దగ్గర కూడా దొరుకుతాయి. వాటిలో చాలావరకు యాసిడ్‌లో ముంచి, పాలిష్ చేసి, పైన వార్నిష్ పూసినవి. కొన్నిటికి రంగులేస్తారు. ఎంత మెరుస్తుంటే అంత అనుమానించండి. గవ్వ, ఆలివ్ గుల్లలు పుట్టుకతోనే నునుపుగా మెరుస్తాయి కాబట్టి వాటి సంగతి వేరు, కానీ గరుకుగా ఉండాల్సిన టర్బో గుల్ల అద్దంలా మెరుస్తోందంటే ఏదో పూశారనే అర్థం.

చూడటానికి సులువైన దారి ఉంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తెల్లటి దూది ముంచి గుల్ల మూల మీద గట్టిగా రుద్దండి. దూది జిగురుగా అయినా, రంగు అంటినా, గుల్ల మీద మెరుపు పోయి మచ్చ పడినా పైన పూత ఉన్నట్టే. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా వేసి ఉంచి పొద్దున నీళ్ళ రంగు చూడండి. అసిటోన్‌లో నానబెట్టి వార్నిష్ తీసేయొచ్చు అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. నేనైతే ఒప్పుకోను. మెలికల లోపలికి పారిన పూతని ఎవరూ తీయలేరు, 50 రూపాయల గుల్ల కోసం వేలు పోసి కొన్న చేపలతో ప్రయోగం ఎందుకు? షోకేసులో పెట్టేయండి. జిగురు పెట్టి అతికించినవి, తీగ గుచ్చినవి, తాళాల గుత్తికి వేలాడదీసినవి కూడా అంతే. తీగలో రాగి ఉంటే రొయ్యలు, నత్తలు, కోరల్స్ బతకవు.

లోపల మాంసం ఉందా, ఎలా తెలుసుకోవాలి

చీకటి గదిలో కూర్చుని ఫోన్ టార్చ్ వెలిగించి గుల్ల వెనక పెట్టండి. పలుచటి గుల్లైతే వెలుగు నారింజ రంగులో ఇటువైపుకి వస్తుంది, మెలికలన్నీ ఒకదాని వెనక ఒకటి గీతల్లా కనిపిస్తాయి. మెల్లగా తిప్పుతూ కొన వైపుకి రండి. ఎక్కడైనా వెలుగు ఆగిపోయి నల్లటి ముద్ద కనిపించిందా, అది ఇసుక ఉండొచ్చు, మాంసం ఉండొచ్చు. చెవి దగ్గర పెట్టి ఊపితే ఇసుక గలగలమంటుంది, మాంసం చప్పుడు చేయదు. మందపాటి గుల్లలో వెలుగు రాదు కాబట్టి వాటిని అనుమానితులుగానే లెక్కేయండి.

ఇంకో పరీక్ష నాకు టార్చ్ కంటే నమ్మకమైనది. గుల్లని ఒక గంట నీళ్ళలో ఉంచి, తీసి, తడిగానే మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో వేసి, రోజంతా ఎండలో పెట్టండి. సాయంత్రం మూత తీసి వాసన చూడండి. సముద్రపు వాసన, తడి సున్నం వాసన వస్తే ఫరవాలేదు. చచ్చిన చేప వాసనో, కుళ్ళిన గుడ్డు వాసనో గుప్పుమందంటే లోపల సరుకు ఉంది. ఈ సీసా పరీక్ష మొదట్లో ఒకసారి, శుభ్రం చేశాక ఇంకోసారి చేయాలి, గుర్తు పెట్టుకోండి.

మాంసం ఉందని తేలితే దాన్ని ముందు బయటికి లాగాలి, మందులన్నీ ఆ తర్వాతే. మాంసం మీద నేరుగా బ్లీచ్ పోస్తే ప్రొటీన్‌తో కలిసి క్లోరమైన్‌లు తయారవుతాయి, కళ్ళు మండుతాయి, బ్లీచ్ బలం అక్కడే ఖర్చైపోతుంది, పైపొర తెల్లబడి లోపల అలాగే ఉండిపోతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో వలలకి పడిన గుల్లలు తెచ్చుకుంటే వాటిలో నత్త చచ్చి పూర్తిగా ఉంటుంది. వీటికి ఫ్రీజర్ పద్ధతి బాగుంటుంది: జిప్ కవర్‌లో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, తర్వాత ఒక రోజు కింద అరలో, ఆపైన బయట. గడ్డకట్టి కరిగేసరికి కండ గుల్ల నుంచి పట్టు వదులుతుంది, వంచిన స్టీలు పిన్నీసుతో పట్టుకుని గుల్ల మెలిక తిరిగిన వైపుకే మెల్లగా తిప్పుతూ లాగితే చాలాసార్లు మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. కొన భాగం పచ్చగా, నల్లగా చుట్ట చుట్టుకుని ఉంటుంది, అది నత్త కాలేయం. అది రాకుండా తెగిపోయిందంటే మీ పని ఇంకా కాలేదు. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఫ్రీజర్‌లో పెట్టండి, పాల ప్యాకెట్ పక్కన ఇవి కనిపిస్తే జరిగేది మీకు తెలుసు.

తెగిన ముక్క కోసం రెండు దారులున్నాయి. ఒకటి, బకెట్ నీళ్ళలో వేసి మేడ మీద ఒక మూల వదిలేయడం, రోజూ నీళ్ళు మార్చడం. వారం పది రోజుల్లో కుళ్ళి వదులైపోతుంది, సూది లేని సిరంజితో నీళ్ళు జోరుగా లోపలికి కొడితే బయటికొచ్చేస్తుంది. కంపు మామూలుగా ఉండదు, పక్కింటివాళ్ళతో సఖ్యంగా ఉండేవాళ్ళకే ఈ పద్ధతి. బకెట్ మీద దోమతెర కట్టడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే డెంగ్యూ దోమల్ని పెంచినట్టే. రెండోది చీమలు. గుల్ల మూతి కిందికి ఉండేలా నీడలో మట్టి మీద పెడితే అవి వచ్చి తీసుకుపోతాయి, నిదానంగా అయినా మనం చేయగలిగినదానికంటే శుభ్రంగా.

పిడికిలి కంటే పెద్ద గుల్లలకి నేను ఒక చిల్లు పెట్టేస్తాను. కొన నుంచి రెండు మూడు మెలికల కింద, ట్యాంక్‌లో వెనకవైపుకి వెళ్ళే చోట, 3 మిల్లీమీటర్ల టైల్ డ్రిల్ బిట్‌తో. గుల్లని నీళ్ళ పళ్ళెంలో తడిగా ఉంచి, ఒత్తకుండా నెమ్మదిగా చేయాలి. ముక్కుకి మాస్క్ తప్పనిసరి, గుల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు. అందం కాస్త చెడుతుందని కొందరు ఒప్పుకోరు. కానీ చిల్లుంటే లోపల కడగడం, తర్వాత ట్యాంక్‌లో నీళ్ళు ఆడటం, గాలి బుడగ ఇరుక్కోకుండా ఉండటం అన్నీ ఒకేసారి తీరిపోతాయి.

ఉడకబెట్టడం, బ్లీచ్, పెరాక్సైడ్, యాసిడ్

ఉడకబెట్టొచ్చా అంటే మామూలు ఎండు గుల్లల్ని ఉడకబెట్టొచ్చు. చల్లటి నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి మెల్లగా వేడెక్కనిచ్చి, ఒక పది నిమిషాలు సన్నటి మంట మీద ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. మరిగే నీళ్ళలో వేస్తే పగుళ్ళొస్తాయి. గవ్వలు, ఆలివ్ గుల్లలైతే మెరుపు పోయి సన్నటి గీతలు పడతాయి, వాటిని ఉడకబెట్టొద్దు.

గుల్ల మీద మెత్తటి, బటన్‌ల్లాంటి, తోలులాంటి జీవులు అతుక్కుని ఉంటే మాత్రం ఉడకబెట్టడం అనే ఆలోచనే వద్దు, గట్టిగా గీకడం కూడా వద్దు. అవి జోయాంథిడ్‌లు కావచ్చు, విశాఖ రాళ్ళ తీరంలోనూ ఉంటాయి. వాటిలో కొన్ని రకాల్లో, ముఖ్యంగా పాలీథోవాల్లో, పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. వేడికి అది పోదు, ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. ట్యాంక్ రాళ్ళు వంటింట్లో ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో నమోదయ్యాయి. అలాంటి గుల్లని తీరంలోనే వదిలేయడం మేలు.

ఇక మందు. కొన్ని గుల్లలే అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్ నాకు ఇష్టం. మందుల షాపులో 6 శాతం సీసా దొరుకుతుంది, అంతే నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. రాత్రంతా మునిగేలా ఉంచండి, మూత గట్టిగా బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. దీని సుగుణం ఏమిటంటే పని అయ్యాక నీళ్ళు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, వెనక ఏమీ మిగలదు. గుల్ల మూతి నుంచి బుడగలు ధారగా వస్తూనే ఉంటే లోపల ఇంకా మురికి ఉన్నట్టే. బుడగలు ఆగాయి కదా అని శుభ్రమైపోయిందనుకోకండి, చివరి మెలికలో గాలి నిండి ఉంటే అక్కడికి మందు చేరనే చేరదు. అందుకే ఏ ద్రవంలో వేసినా గుల్లని నీళ్ళ కింద అటూ ఇటూ తిప్పి, గ్లబ్ గ్లబ్‌మని గాలి మొత్తం బయటికొచ్చేదాకా ఆడించండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ సగంమంది గుల్లలు శుభ్రపడకపోవడానికి కారణం ఇదే.

ఎక్కువ గుల్లలుంటే, పైన గోధుమరంగు తోలు పొర ఉంటే బ్లీచ్ వాడండి. సువాసన, నురగ, రంగు ఏమీ లేని మామూలు సోడియం హైపోక్లోరైట్ కావాలి, ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్ళు. ప్లాస్టిక్ బకెట్‌లో ఒక రోజు. బ్లీచ్ గుల్లని తినదు, పైన ఉన్న పొరనీ మురికినీ మాత్రమే తింటుంది, అయినా అవసరానికి మించి ఉంచితే రంగులు వెలిసిపోతాయి కాబట్టి మధ్యమధ్యలో చూస్తుండండి. మునిసిపాలిటీ వాళ్ళు చల్లే బ్లీచింగ్ పౌడర్ వద్దు, అందులో సున్నం ఉంటుంది, మెలికల్లో తెల్లటి ముద్దలా దిగి కూర్చుంటుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, అమ్మోనియా ఉన్నది ఏదైనా గానీ కలిసిందంటే విషవాయువు పుడుతుంది. పెరాక్సైడ్‌లోనూ వెనిగర్ కలపొద్దు. ఒక రోజుకి ఒకే మందు, మధ్యలో శుభ్రంగా కడగడం, ఇదే పద్ధతి.

వెనిగర్ సంగతి. వెనిగర్‌లో గంటలకొద్దీ నానబెట్టమని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. గుల్లే కరిగిపోతుంది కదా, బుస్సున వచ్చే ఆ బుడగలు మురికివి కాదు, మీ గుల్లవి. గట్టి సున్నపు మరక ఉంటే అర నిమిషం ముంచి వెంటనే కడిగేయండి, అంతకుమించి అవసరం లేదు. మ్యూరియాటిక్ యాసిడ్, బాత్రూమ్ యాసిడ్ గుల్లల సేకరణ చేసేవాళ్ళు మెరుపు కోసం వాడతారు, ట్యాంక్ వాళ్ళకి దాంతో పని లేదు.

నిప్పుల్లో వేసి కాల్చేస్తే సూక్ష్మజీవులన్నీ చస్తాయి కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు ఇళ్ళకి వేసుకున్న గుల్ల సున్నం తయారయ్యేది అలాగే: గుల్లల్ని బట్టీలో కాలిస్తే కాల్షియం ఆక్సైడ్ అవుతుంది, నీళ్ళు తగిలితే పొగలు కక్కుతుంది. సగం కాలిన గుల్ల ట్యాంక్‌లో పడితే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పొయ్యి మంట, బొగ్గులు, ఓవెన్, ఏదీ వద్దు.

మందు పోగొట్టడం, బకెట్ పరీక్ష

బ్లీచ్ వాడితే అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ధారగా పారే నీళ్ళ కింద కడిగి, గాలి బయటికి ఆడించి, లోపలి నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి, మళ్ళీ పారబోయండి. తర్వాత పది లీటర్ల నీళ్ళలో ఒక టీస్పూన్ హైపో, అంటే అక్వేరియం షాపులో దొరికే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, కరిగించి గుల్లల్ని రాత్రంతా ఉంచండి. మర్నాడు మళ్ళీ కడిగి, మూతి కిందికి ఉండేలా పెట్టి బాగా ఎండలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. మన ఎండ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది, ఎండకి మిగిలిన హైపోక్లోరైట్ కూడా విరిగిపోతుంది.

క్లోరిన్ పోయిందా లేదా ముక్కుతో చూసి ఊరుకోకండి. గుల్లల్ని కాస్త మంచినీళ్ళలో ఒక గంట ఉంచి, ఆ నీళ్ళలో క్లోరిన్ టెస్ట్ చుక్కలు వేయండి. కొళాయి నీళ్ళు, స్విమ్మింగ్ పూల్ నీళ్ళు చూడటానికి వాడే ఆర్థోటొలిడిన్ చుక్కలే. పసుపు రంగు తిరిగిందంటే ఇంకా ఉంది. ఈ పరీక్షకి ఆర్వో నీళ్ళు వాడండి, కొళాయి నీళ్ళలో ఉండే క్లోరిన్‌నే చూసి కంగారుపడతారు లేకపోతే.

చివరిది బకెట్. ట్యాంక్‌కి కలిపినట్టే మెరైన్ సాల్ట్‌తో 1.025 స్పెసిఫిక్ గ్రావిటీకి (ఉప్పదనం చూసే కొలత) నీళ్ళు కలిపి, రెండు బకెట్‌లలో పోయండి. ఒకదాంట్లో గుల్లలు, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. గుల్లలున్నదాంట్లో చిన్న పంపు గానీ ఎయిర్ స్టోన్ గానీ పెట్టండి. ఒక వారం వదిలేయండి. మూడో రోజునా, ఏడో రోజునా రెండిట్లోనూ అమ్మోనియా, ఫాస్ఫేట్ టెస్ట్ చేయండి. ఉత్త నీళ్ళ బకెట్ ఎందుకంటే, కొన్ని సాల్ట్‌లలోనే కాస్త అమ్మోనియా కనిపిస్తుంది, పోల్చడానికి ఏదీ లేకపోతే తప్పు గుల్లల మీద పడుతుంది. గుల్లల బకెట్‌లో అమ్మోనియా ఎక్కువ కనిపించినా, నీళ్ళు మసకబారినా, పైన జిడ్డు తెట్టు కట్టినా లోపల ఇంకా ఏదో కుళ్ళుతోందని అర్థం, వెనక్కి వెళ్ళండి. ఫాస్ఫేట్ కాస్త పెరిగితే నీళ్ళు మార్చి ఇంకో వారం ఉంచితే సాధారణంగా తగ్గుతుంది, ఎందుకంటే కాల్షియం కార్బొనేట్ ఫాస్ఫేట్‌ని పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. కోరల్స్ ఉన్న రీఫ్ ట్యాంక్ కాకుండా చేపలు మాత్రమే ఉన్న ట్యాంకైతే ఈ ఫాస్ఫేట్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

ట్యాంక్‌లో పెట్టేటప్పుడు

అన్నీ ఒకేసారి గుమ్మరించకండి, రెండేసి చొప్పున పెట్టి నాలుగు రోజులు చూడండి. నీళ్ళ కింద తిప్పి గాలి తీసేశాకే కింద పెట్టాలి. మూతి పైకి చూసేలా పెడితే చేపల మేత, రెట్ట అంతా అందులోనే పడి పేరుకుంటుంది, అడుగున ఆక్సిజన్ అందక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మూతి పక్కకి, పంపు ప్రవాహం వైపు ఉండేలా పెట్టండి. నీళ్ళు మార్చినప్పుడల్లా పిచికారీతో లోపలికి ఒకసారి కొడితే చాలు. ఆల్చిప్పలు బోర్లా పెడితే కింద కదలని నీళ్ళు నిలబడిపోతాయి, ఒక అంచు రాయి మీద ఆనేలా ఎత్తి పెట్టండి.

హెర్మిట్ క్రాబ్‌ల కోసమైతే ఒక్కోదానికి కనీసం రెండు మూడు ఖాళీ గుల్లలు ఉంచండి, అది ఇప్పుడున్నదానికంటే కాస్త పెద్దవి. మూతి ఆకారం ముఖ్యం: చాలా రకాలకి టర్బో లాంటి గుండ్రటి మూతి నచ్చుతుంది, సన్నటి నిలువు మూతి ఉన్న కోన్ గుల్లల్లోకి వెళ్ళేవి బల్లపరుపు ఒళ్ళున్న కొన్ని రకాలే. ఖాళీ గుల్లలు లేకపోతే అవి మీ నాచు తినే నత్తల్ని చంపి వాటి గుల్లల్లోకి మారిపోతాయి, నత్తలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయని తల పట్టుకునేవాళ్ళ ట్యాంకుల్లో తరచుగా కారణం ఇదే. వాటి కోసం పెట్టే గుల్లలకి మాత్రం చిల్లు పెట్టకండి. వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య జంట ఉన్నవాళ్ళు, జాఫిష్ ఉన్నవాళ్ళు విరిగిన ఆల్చిప్ప ముక్కల్ని అంచులు రాయి మీద అరగదీసి ఇసుకలో వేయండి, బొరియ గోడలకి అవి వాడుకుంటాయి.

తెల్లగా పెట్టిన గుల్లలు కొన్ని వారాల్లో గోధుమరంగు పడతాయి. అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు, మురికి కాదు, తీసి మళ్ళీ బ్లీచ్ చేయాల్సిన పని లేదు, నత్తలు చూసుకుంటాయి. తర్వాత ఊదారంగు కోరలైన్ (రాయిలా అతుక్కునే గట్టి నాచు) ఎక్కుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం గుల్లల్ని బయటికి తీయండి: చేపల జబ్బుకి కాపర్ మందు వేయాల్సి వస్తే, వేయకముందే. కాల్షియం కార్బొనేట్ కాపర్‌ని పీల్చుకుంటుంది, మీ డోసు లెక్క తప్పుతుంది, తర్వాత ఎంత కడిగినా ఆ గుల్లల్ని రొయ్యలు, కోరల్స్ ఉన్న ట్యాంక్‌లో వేయకూడదు. ఇప్పటికే కాపర్ ట్యాంక్‌లో ఉన్న గుల్లలుంటే వాటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టకుండా విడి డబ్బాలో వేసి, డబ్బా మీద రాసి పెట్టుకోండి.